ప్లగిన్ హైబ్రిడ్ కారు మన రోడ్ల మీద కిలోమీటరుకి నిజంగా ఎంత పడుతుందో మీరే లెక్క కట్టుకోండి ఇలాగ

షోరూంలో చెప్పే మైలేజీ వేరు, నరసన్నపేట నుంచి శ్రీకాకుళం వచ్చేసరికి మనకి వచ్చే మైలేజీ వేరు, ఇది అందరికీ తెలిసిందే. కానీ ప్లగిన్ హైబ్రిడ్ దగ్గర, అంటే పెట్రోలు మీదా, ఇంట్లో ప్లగ్గు పెట్టి ఛార్జ్ చేసిన కరెంటు మీదా రెండిటి మీదా నడిచే బండి దగ్గర, ఆ తేడా మామూలుగా ఉండదు. యూరప్‌లో 2021లో రిజిస్టరైన కార్ల డేటా తీసుకుని 2024లో యూరోపియన్ కమిషన్ రిపోర్టు ఇచ్చింది, ల్యాబ్‌లో చెప్పిన దానికన్నా ఈ బళ్ళు రోడ్డు మీద సగటున 3.5 రెట్లు ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదుల్తున్నాయని, అంటే తాగే పెట్రోలు కూడా అంతేనన్నమాట. బళ్ళలో లోపం ఉండి కాదు, కొన్నోళ్ళు ల్యాబ్‌లో అనుకున్నంతగా ఛార్జింగ్ పెట్టట్లేదు, అదే పెద్ద కారణం. అందుకే ఈ బండికి "మైలేజీ ఎంత" అని అడిగితే ఒక్క నంబరు చెప్పడం కుదరదు, మీరెన్ని కిలోమీటర్లు కరెంటు మీద తిప్పుతారు, ఎన్ని పెట్రోలు మీద తిప్పుతారు అన్న దాన్ని బట్టే మొత్తం లెక్క నడుస్తుంది. ఆ లెక్క మీరే ఎలాగ వేసుకోవాలో చెప్తాను, కొనే ముందూ పనికొస్తుంది, కొన్నాకా పనికొస్తుంది.

ముందు బండి ఏ రకమో తేల్చుకోండి

ఇక్కడే చాలామంది తికమక పడుతున్నారు. వెనకాల హైబ్రిడ్ అని రాసున్న ప్రతీ బండికీ ప్లగ్గు ఉండదు. మారుతిలో స్మార్ట్ హైబ్రిడ్ అనేది చిన్న బ్యాటరీతో ఇంజినుకి కాస్త సాయం చేస్తుంది తప్ప కరెంటు మీద బండిని నడపదు. హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్, ఇన్నోవా హైక్రాస్, హోండా సిటీ హైబ్రిడ్ ఇవి కాసేపు కరెంటు మీద కూడా వెళ్తాయి, కానీ ఆ కరెంటు పెట్రోలు నుంచీ బ్రేకుల నుంచీ వచ్చిందే, ఇంట్లో ప్లగ్గు పెట్టడానికి చోటే ఉండదు. ప్లగిన్ హైబ్రిడ్ అంటే పెట్రోలు మూతతో పాటు ఛార్జింగ్ మూత కూడా ఉండాలి. మన దేశంలో ఇవి వచ్చినవే తక్కువ, వోల్వో ఎక్స్‌సీ90 టీ8 లాంటివి, బీఎండబ్ల్యూ ఎక్స్ఎం లాంటివి, అన్నీ ఖరీదైనవే. ట్యాక్సు కూడా ఒక కారణం, పూర్తి ఎలక్ట్రిక్ కారుకి జీఎస్టీ 5 శాతమే, పెద్ద హైబ్రిడ్‌కి మాత్రం 2025 సెప్టెంబరులో రేట్లు మారాక 40 శాతం. అందుకే మనవైపు కనిపించేవి ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లో వచ్చినవే.

మీ కిలోమీటర్లు రాసుకోండి

ఒక నెల పాటు రోజుకి ఎంత తిరుగుతున్నారో ఫోన్లోనో డైరీలోనో రాసుకోండి, ఇప్పుడున్న బండితోనే రాసుకోవచ్చు. నెల మొత్తం మీద ఎంత అయింది అన్నది ఇక్కడ పనికిరాదు, ఏ రోజుకి ఆ రోజు ఎంత అన్నదే ముఖ్యం, ఎందుకంటే బ్యాటరీ ప్రతీ రాత్రి మళ్ళీ నిండుతుంది. నెలకి 1200 తిరిగే ఇద్దరున్నారనుకోండి, ఒకాయన రోజూ 40 చొప్పున తిరుగుతాడు, ఇంకొకాయన వారం అంతా బండి ఇంట్లో పెట్టి ఆదివారం ఒక్క రోజే 300 కొడతాడు. మొదటాయనకి దాదాపు పెట్రోలే అక్కర్లేదు, రెండో ఆయనకి ఈ బండి దండగ. మధ్యలో ఇంటికొచ్చి బండి ఆగుతుందా లేదా అన్నది కూడా రాసుకోండి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి రెండు గంటలు ప్లగ్గు పెట్టగలిగితే అది అదనపు రేంజే.

మీ ఇంటి కరెంటు అసలు ధర తెలుసుకోండి

ఇది మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి, యూనిట్ ఐదు రూపాయలు అనేసుకుని లెక్కలేసే వాళ్ళందరూ ఇక్కడే పప్పులో కాలేస్తున్నారు. మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఈపీడీసీఎల్ అనే కరెంటు కంపెనీ కిందకి వస్తాయి. 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం ఇంటి మీటరుకి మొదటి 30 యూనిట్లు 1.90, అక్కణ్ణుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. మీ బిల్లు మీద ఇప్పుడున్న రేటు ఒకసారి సరిచూసుకోండి. ఇప్పుడు అసలు సంగతి ఏటంటే, ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు ఇవన్నీ ముందే కింది శ్లాబులు తినేసి ఉంటాయి, కారు తాగే కరెంటు అంతా పై శ్లాబులోనే పడుతుంది. కాబట్టి బిల్లుని యూనిట్లతో భాగించి సగటు తీసుకుంటే తప్పు లెక్క వస్తుంది.

ఉదాహరణకి ఇంట్లో నెలకి 200 యూనిట్లు కాల్తున్నాయి అనుకుందాం, కారుకి ఇంకో 253 యూనిట్లు కావాలి. అందులో మొదటి 25 యూనిట్లు 6 రూపాయల శ్లాబులో 150, తరవాత 175 యూనిట్లు 8.75 చొప్పున 1531, మిగిలిన 53 యూనిట్లు 9.75 చొప్పున 517, మొత్తం 2198 రూపాయలు. అంటే కారు కరెంటు యూనిట్‌కి 8 రూపాయల 70 పైసలు పడింది. దీని మీద డ్యూటీ, సర్దుబాటు ఛార్జీలు అని వేసేవి కూడా ఉంటాయి కాబట్టి 9 రూపాయలు అనుకుని లెక్క వెయ్యడం క్షేమం. అదే వేసవిలో రెండు ఏసీలు నడిచే ఇల్లైతే ముందే 400 దాటిపోయుంటుంది, అప్పుడు కారు యూనిట్లన్నీ 9.75 మీదే.

డాబా మీద సోలార్ పెట్టుకున్న వాళ్ళకి కథ మారిపోతుంది. పీఎం సూర్య ఘర్ అనే కేంద్ర పథకంలో 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ వస్తుంది, ఒక్కో కిలోవాట్‌కి రోజుకి 4 యూనిట్ల దాకా వస్తుంది మన ఎండకి, 3 కిలోవాట్లంటే రోజుకి 12. పైన చెప్పిన కారు కరెంటు మొత్తం అందులో వెళ్ళిపోతుంది. కారు కొనే ఆలోచన, సోలార్ పెట్టే ఆలోచన రెండూ ఉన్న వాళ్ళు ముందు సోలార్ పెట్టండి, అది నా గట్టి నమ్మకం.

గోడ దగ్గర కొలవండి, బండి స్క్రీన్ దగ్గర కాదు

బండి స్క్రీన్ మీద చూపించేది బ్యాటరీ నుంచి బయటికి వెళ్ళిన కరెంటు. మీరు బిల్లు కట్టేది గోడ నుంచి లాగిన కరెంటుకి. మధ్యలో ఛార్జర్ వేడెక్కడం, బ్యాటరీ వేడెక్కడం, ఇలాగ 10 నుంచి 15 శాతం దాకా పోతుంది. అందుకని ఛార్జింగ్ పాయింటుకి ఒక సబ్ మీటర్ పెట్టించుకోండి, అద్దె ఇళ్ళల్లో పోర్షన్‌కి ఒకటి పెడతారు చూడండి అదే, కరెంటు సామాన్ల షాపుల్లో దొరుకుతుంది, పెద్ద ఖర్చు కాదు. రోజూ రాత్రి ప్లగ్గు పెట్టేటప్పుడు రీడింగ్, పొద్దున్న తీసేటప్పుడు రీడింగ్, దాని పక్కన ఆ రోజు కిలోమీటర్లు, ఇంతే రాయాల్సింది.

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా బావగారి దగ్గర ఒక సెకండ్‌హ్యాండ్ ప్లగిన్ ఉంది, ఆయన ఛార్జింగ్ పాయింటు షెడ్డులో స్విచ్ బోర్డు పక్కనే సబ్ మీటరు, దాని కింద మేకుకి దారంతో కట్టిన చిన్న పుస్తకం, అందులో ఆయన రీడింగుతో పాటు వోల్టేజీ కూడా రాస్తారు. సాయంత్రం ఏడింటికి ఊళ్ళో అందరి మోటార్లూ టీవీలూ నడిచేటప్పుడు వోల్టేజీ 190కి పడిపోతుంది, 10 ఆంపియర్లు లాగే ఛార్జర్‌కి అప్పుడు వచ్చేది 1.9 కిలోవాట్లే, రాత్రి పదకొండు దాటాక 230కి వస్తే అదే ఛార్జర్‌కి 2.3 వస్తుంది. ఛార్జింగ్ ఎంత ఆలస్యమైతే బండిలో కంప్యూటర్లూ పంపులూ అంతసేపు మెలకువగా ఉండి వాటి వాటా అవి తింటాయి, అందుకని ఆయన టైమర్ అర్ధరాత్రికి పెడతారు. మీ వీధిలో వోల్టేజీ ఎప్పుడు బావుంటుందో మీకే తెలుస్తుంది నాలుగు రోజులు చూస్తే.

వైరింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గంటల తరబడి ఆగకుండా లాగే లోడ్ ఇది, గీజర్ లాగా పావుగంటలో అయిపోయేది కాదు. 16 ఆంపియర్ల సాకెట్‌కి బోర్డు నుంచి విడిగా 4 ఎంఎం రాగి తీగ, దానికో ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్), ఆర్సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), మంచి ఎర్తింగ్. సముద్రం దగ్గర ఇసక నేలల్లో, కళింగపట్నం, భీమిలి వైపు ఎండాకాలం ఎర్త్ గొయ్యి ఎండిపోతుంది, ఎర్త్ సరిగ్గా లేకపోతే చాలా ఛార్జర్లు అసలు స్టార్టే అవ్వవు, నీళ్ళు పోస్తూ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వద్దే వద్దు. మీ మీటరు లోడ్ 1 కిలోవాటో 2 కిలోవాట్లో ఉంటే కరెంటు ఆఫీసులో అప్లికేషన్ పెట్టి లోడ్ పెంచుకోండి.

కరెంటు రేంజ్ టెస్ట్ చెయ్యండి

ఫుల్ ఛార్జ్ పెట్టండి, ట్రిప్ మీటర్ జీరో చెయ్యండి, ఈవీ మోడ్‌లో, అంటే కరెంటు మీదే నడిచేలాగ పెట్టి ఇంజిన్ దానంతట అది స్టార్ట్ అయ్యేదాకా నడపండి, అప్పుడున్న కిలోమీటర్లు రాసుకోండి. ఒక్కసారి చేస్తే చాలదు, మూడు రకాల రోడ్ల మీద విడివిడిగా చెయ్యాలి. టౌన్లో ఒకటి, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్, డే అండ్ నైట్, అరసవల్లి ఇలాగ మీ మామూలు తిరుగుడు. హైవే మీద ఒకటి. ఊరి రోడ్ల మీద, అంటే ఆమదాలవలస వైపో నెల్లిమర్ల వైపో 50 స్పీడులో వెళ్ళే రోడ్డు మీద ఒకటి. ఎక్కువ రేంజ్ ఈ మూడో దాంట్లోనే వస్తుంది, కారణం సులువే, గాలి అడ్డు స్పీడుకి వర్గంలో పెరుగుతుంది, 80 నుంచి 100కి వెళ్తే గాలి తోపు ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. హైవే టెస్ట్ మాత్రం పోనూ రానూ రెండు వైపులా చెయ్యండి, సముద్రం గాలి ఎదురు కొడితే ఒక వైపు తగ్గి ఇంకో వైపు పెరుగుతుంది.

ఏసీ ఎంత తింటుంది అని అందరూ అడుగుతారు. మే నెల మధ్యాహ్నం ఏసీ గంటకి ఒకటి, ఒకటిన్నర యూనిట్ లాగిందనుకోండి, హైవే మీద 80లో వెళ్తుంటే ఆ గంటలో 80 కిలోమీటర్లు వెళ్ళిపోతారు కాబట్టి కిలోమీటరుకి పడేది చాలా కొంచెం. అదే విజయనగరం గంటస్తంభం దగ్గర, సంతరోజు ట్రాఫిక్‌లో గంటకి 20 మాత్రమే కదిలితే కిలోమీటరుకి నాలుగు రెట్లు పడుతుంది. అంటే ఏసీ దెబ్బ టౌన్లోనే ఎక్కువ. బయల్దేరే పది నిమిషాల ముందు, ప్లగ్గు ఉండగానే, ఏసీ వేసి బండి చల్లబరచుకునే సౌకర్యం ఉంటే తప్పకుండా వాడండి, ఆ కరెంటు గోడ నుంచి వస్తుంది, బ్యాటరీ నిండుగానే మిగులుతుంది.

బ్రోచర్లో 13 యూనిట్ల బ్యాటరీ అని ఉంటే అంతా వాడనివ్వదు, పైనా కిందా కొంత వదిలేసి పది, పదిన్నర మాత్రమే వాడుకోనిస్తుంది, బ్యాటరీ ఎక్కువ కాలం మన్నడానికి అది. మధ్య సైజు ఎస్‌యూవీ కిలోమీటరుకి 190 వాట్ అవర్లు, అంటే 0.19 యూనిట్ తింటుంది అనుకుంటే పదిన్నర యూనిట్లకి 55 కిలోమీటర్లు. గోడ నుంచి లాగేది 12 యూనిట్లు. అంటే 100 కిలోమీటర్లకి గోడ దగ్గర 22 యూనిట్లు, 9 రూపాయల చొప్పున కిలోమీటరుకి 2 రూపాయలు.

పెట్రోలు మైలేజీ విడిగా తియ్యండి

మామూలు ట్యాంకు టు ట్యాంకు లెక్క ఈ బండికి అబద్ధం చెప్తుంది, మధ్యలో ఛార్జింగ్ పెట్టారంటే ఆ కిలోమీటర్లు కూడా పెట్రోలు ఖాతాలో పడి మైలేజీ 40, 50 అని కనిపిస్తుంది, చూసుకుని మురిసిపోతారు. కాబట్టి బ్యాటరీ పూర్తిగా అయిపోయాక, హైబ్రిడ్ మోడ్‌లోకి వచ్చాక ట్యాంకు నింపండి, మధ్యలో ఎక్కడా ప్లగ్గు పెట్టకుండా ఓ 200 కిలోమీటర్లు తిప్పండి, మళ్ళీ అదే బంకులో అదే పంపు దగ్గర మొదటి ఆటో కట్ దాకా నింపండి. ఈ లెక్కే నిజం. పెద్ద బ్యాటరీ బరువు మోస్తూ తిరుగుతుంది కాబట్టి 15, 16 వస్తే ఆశ్చర్యపోవద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఇథనాల్లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ, అంటే లీటరు మీద ఆరేడు శాతం శక్తి తగ్గినట్టే.

పెట్రోలు లీటరు 110 అనుకుంటే 16 మైలేజీకి కిలోమీటరు 6 రూపాయల 90 పైసలు. ఇచ్ఛాపురం వాళ్ళకి ఒడిశా బంకులు పక్కనే, అక్కడ ధర తక్కువ, మీ లెక్కలో ఆ రేటే వేసుకోండి.

ఇప్పుడు రెండూ కలపండి

విజయనగరంలో ఉంటూ నెల్లిమర్లలో ఉద్యోగం, ఊళ్ళో పనులతో కలిపి రోజుకి 40 కిలోమీటర్లు, నెలకి 26 రోజులు, అంటే 1040, అన్నీ కరెంటు మీదే. నెలకి రెండుసార్లు విశాఖ వెళ్ళొస్తే ఒక్కోటి 120, అందులో 55 కరెంటు, మిగతా 65 పెట్రోలు. మొత్తం 1280లో 1150 కరెంటు, 130 పెట్రోలు. కరెంటుకి 2300, పెట్రోలుకి 900, కిలోమీటరుకి రెండున్నర రూపాయలు.

శ్రీకాకుళంలో ఉంటూ నెలకి 20 రోజులు విశాఖ వెళ్ళొచ్చే ఆయన్ని తీసుకోండి, రోజుకి 220, నెలకి 4400. కరెంటు మీద రోజుకి 55 చొప్పున 1100 కిలోమీటర్లకి 2200, మిగతా 3300 పెట్రోలు మీద 22,770, మొత్తం దాదాపు 25 వేలు, కిలోమీటరుకి 5 రూపాయల 70 పైసలు. ప్లగ్గే లేని స్ట్రాంగ్ హైబ్రిడ్ లీటరుకి 22 ఇస్తే కిలోమీటరు 5 రూపాయలే. అంటే ఈయనకి మామూలు హైబ్రిడ్డే చవక, ఛార్జింగ్ తలనొప్పీ లేదు. విశాఖలో పగలు బండి ఆగే చోట ప్లగ్గు దొరికితేనే ఆయన లెక్క మారుతుంది.

మొదటాయనకి స్ట్రాంగ్ హైబ్రిడ్ అయితే నెలకి 6400 అయ్యేది, ప్లగిన్‌తో 3200, నెలకి 3200 మిగిలింది, ఏడాదికి 38 వేలు చిల్లర. ప్లగిన్ కొనడానికి 5 లక్షలు ఎక్కువ పెట్టాల్సి వస్తే అవి తిరిగి రావడానికి 13 ఏళ్ళు. ఇన్సూరెన్సు, బరువు బండి కాబట్టి టైర్లు త్వరగా అరగడం, ఇంజిన్ ఉంది కాబట్టి ఏడాదికోసారి ఆయిలు మార్చడం, ఇవన్నీ దీని మీద వేసుకోండి. నా మాట అడిగితే, ఇంట్లో ఇంకో పెట్రోలు బండి ఉన్నవాళ్ళు ప్లగిన్ జోలికి వెళ్ళకుండా పూర్తి ఎలక్ట్రిక్ తీసుకోవడం మేలు. ఒకే బండి ఉండి, రోజూ తక్కువ తిరిగి, అప్పుడప్పుడూ కోరాపుట్, భువనేశ్వర్ లాంటి దూరాలు వెళ్ళేవాళ్ళకే ప్లగిన్ సరిగ్గా సరిపోతుంది.

ఉన్న బ్యాటరీని ఎక్కడ ఖర్చు పెట్టాలి

దూరం వెళ్ళేటప్పుడు ఇంటి దగ్గర మొదలుపెట్టి హైవే మీదే బ్యాటరీ అవగొట్టెయ్యకండి. హైవే మీద ఇంజిన్ ఎలాగూ బాగానే పనిచేస్తుంది. రణస్థలం దాటాక సేవ్ మోడ్‌లో పెట్టి, మద్దిలపాలెం, గాజువాక ట్రాఫిక్‌కి కరెంటు దాచుకోండి, ఇంజిన్ ఎక్కువ తాగేది అక్కడే. ఛార్జ్ మోడ్ అని ఇంకోటి ఉంటుంది, ఇంజిన్‌తో బ్యాటరీ నింపుతుంది, అది వాడకండి, పెట్రోలుతో తయారైన కరెంటు ఈపీడీసీఎల్ పై శ్లాబు కన్నా చాలా ఖరీదు.

ఘాట్ రోడ్డు లెక్క వేరు. ఎస్.కోట నుంచి అరకు ఎక్కాలంటే అరకే 900 మీటర్ల పైన ఉంది, 2 టన్నుల బండిని అంత ఎత్తుకి ఎత్తడానికే 5 యూనిట్లు పోతాయి, నష్టాలు వేరే. దిగేటప్పుడు అందులో సగానికి పైగా బ్యాటరీలోకి తిరిగి వస్తుంది, కానీ బ్యాటరీలో చోటు ఉండాలి. అందుకని అరకులో హోటల్లో ఫుల్ ఛార్జ్ చేసుకుని దిగకండి, సగం పెట్టుకోండి చాలు. నిండు బ్యాటరీతో దిగితే రీజెన్, అంటే దిగేటప్పుడు బ్యాటరీ నింపే ఆ ఏర్పాటు పనిచెయ్యదు, బ్రేకులే వేడెక్కుతాయి.

ఇక పెట్రోలు. కరెంటు మీదే తిరిగేవాళ్ళ ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి అలాగే ఉండిపోతుంది, ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది, రెండు మూడు నెలలకోసారి ఇంజిన్ మీద గట్టిగా ఓ యాభై కిలోమీటర్లు నడిపి కొత్త పెట్రోలు పోయించండి. అక్టోబరు, నవంబరులో తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం ట్యాంకు నిండుగా, బ్యాటరీ నిండుగా రెండూ ఉంచుకోండి. 2014లో హుద్‌హుద్‌కి, 2018లో పలాస దగ్గర తిత్లీకి స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు.

సెకండ్‌హ్యాండ్‌ కొనేవాళ్ళు

అమ్మేవాళ్ళ దగ్గర బండి ఖాళీ బ్యాటరీతో తెప్పించుకుని, మీ సబ్ మీటర్ మీద రాత్రంతా ఛార్జింగ్ పెట్టండి. కొత్తలో గోడ నుంచి 12 యూనిట్లు తీసుకోవాల్సిన బండి 8, 9 దగ్గరే ఆగిపోయి ఫుల్ అని చూపిస్తే బ్యాటరీ బలం పోయినట్టే, పొద్దున్న అదే బండితో ఊరి రోడ్డు మీద రేంజ్ టెస్ట్ కూడా చేసి రెండూ కలిసొస్తున్నాయా చూడండి. బ్యాటరీ వారంటీ చాలా కంపెనీలు 8 ఏళ్ళో 1,60,000 కిలోమీటర్లో ఇస్తాయి, అందులో ఎంత మిగిలిందో, పేరు మారితే అది మీకు వస్తుందో లేదో కాగితం మీద రాయించుకోండి. బండితో వచ్చిన ఛార్జింగ్ కేబుల్ అడిగి తీసుకోండి, పాత ఓనరు ఛార్జింగ్ పెట్టాడో లేదో ఆ కేబుల్ చెప్పేస్తుంది, ప్లాస్టిక్ కవరులో మడత కూడా విప్పకుండా ఉంటే ఆ బండి ఇన్నాళ్ళూ పెట్రోలు మీదే తిరిగింది, ఇంజిన్ సర్వీసు రికార్డు ఇంకాస్త శ్రద్ధగా చూసి అప్పుడు ధర మాట్లాడండి.